కోతుల గుంపును చదవడం – 3వ పాఠం: ఎవరు, ఎవరికి?

ఈసారి గుంపులో ఎవరిది పైచేయో తేల్చే పద్ధతి చెప్పాలనుకున్నాను. మీరు పంపిన నోట్సులు చదివాక దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేశాను. అరగంట కూర్చుని, గ్రూమింగ్ (ఒక కోతి ఇంకోదాని వెంట్రుకలు పాయలు తీసి పేలు, మురికి ఏరడం) కనిపించిన ప్రతిసారీ రాయమని పోయిన పాఠంలో చెప్పాను. చాలామంది ఎండలో ఓపిగ్గా కూర్చుని పేజీలు నింపారు. అయినా ఆ పేజీల్లోంచి ఏ కోతికి ఏ కోతి దగ్గరో చెప్పలేం.

ముందు తిండి సంగతి. కోతులు దగ్గరికొస్తాయని కొందరు అరటిపళ్లు, వేరుశనక్కాయలు పట్టుకెళ్లారు. దయచేసి వద్దు. తిండి నేల మీద పడగానే గుంపు చెదిరిపోతుంది. పెద్దవి బుగ్గసంచులు నింపుకుంటాయి, చిన్నవి దెబ్బలు తింటాయి. మీరు చూడటానికి వెళ్లిన పనే అక్కడ ఆగిపోతుంది. మీ వెనక వచ్చే మనిషి చేతిసంచికి కూడా అది ప్రమాదం. మధ్యాహ్నం మేత ముగించుకుని గుంపు నీడకు చేరే వేళ వెళ్లండి. కాస్త దూరంగా, పక్కకు తిరిగి కూర్చోండి. కళ్లలోకి సూటిగా చూస్తే అవి దాన్ని బెదిరింపుగా తీసుకుంటాయి.

మనం చూడాలనుకున్నది బానెట్ మకాక్‌లను (మకాక్‌లంటే మన ఊళ్లలో కనిపించే కోతుల రకం). ఉత్తర తెలంగాణ నుంచి రాసినవాళ్లలో కొందరు చూసింది రీసస్ మకాక్‌లను. తోక పొట్టిగా ఉండి, నడుము కింద వెంట్రుకలు నారింజ రంగులో ఉంటే అది రీసస్. తోక బాగా పొడుగ్గా ఉండి, నడినెత్తి నుంచి వెంట్రుకలు టోపీలా నాలుగు వైపులా పరుచుకుంటే బానెట్ మకాక్. రీసస్‌లను చూసినా ఫర్వాలేదు, ఏవి చూశారో పేజీ పైన రాయండి చాలు. బానెట్‌లలో పెద్ద మగకోతులు కూడా ఒకదాన్నొకటి వాటేసుకుంటాయి, ఒకదాని ఒళ్లు ఒకటి శుభ్రం చేస్తాయి. రీసస్ మగవాటిలో ఇది అరుదు.

ఇక అసలు ఇబ్బంది. అందరి నోట్సుల్లోనూ రెండే పాత్రలున్నాయి: గుంపులో అన్నిటికన్నా పెద్ద మగకోతి, పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లి. మిగతా కోతులు ఆ అరగంటా ఏమీ చేయలేదా? చేశాయి, కానీ మన కన్ను కదలిక ఉన్నచోటికి, ముద్దొచ్చేచోటికి పోతుంది. కెన్యాలోని అంబోసెలిలో బబూన్‌లనే పెద్ద కోతులను పరిశీలించిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో రాసిన వ్యాసం ఈ సమస్య గురించే. కంటపడిందల్లా రాస్తూ పోతే ఆ లెక్కలతో పోలికలు చేయలేమని ఆమె గట్టిగా చెప్పారు. ఈ రంగంలో ఇప్పటికీ చాలామంది ఆ వ్యాసంతోనే మొదలుపెడతారు.

ఆమె చెప్పిన దారుల్లో మనకు కావలసింది ఇది. చూడబోయే కోతిని ముందే ఎంచుకోండి. పది నిమిషాలు దాన్నే చూడండి. పక్కన కొట్లాట జరిగినా తల తిప్పొద్దు. పది నిమిషాలూ అది ఊరికే కూర్చుంటే, ఊరికే కూర్చుందని రాయండి. ఫోన్‌లో టైమర్ వైబ్రేషన్ మీద పెట్టుకోండి. నేనైతే ఎప్పుడూ వయసొచ్చిన ఆడకోతులతోనే మొదలుపెడతాను. మకాక్ ఆడవి పుట్టిన గుంపులోనే బతుకంతా గడుపుతాయి, మగవి ఎదిగాక వేరే గుంపులకు వెళ్లిపోతాయి. అందుకే ఏళ్ల తరబడి నిలిచే బంధాలు ఆడవాటి మధ్యే ఎక్కువ దొరుకుతాయి. గుర్తుపట్టడానికి చెవికి పడ్డ కోత, పెదవి మీది గాటు, తోక వంకర చాలు. పేరు కూడా ఆ గుర్తుతోనే పెట్టండి. రాణి, లక్ష్మి అని పెడితే తెలియకుండానే ఆ పేరుకు తగ్గ కథ అల్లుతాం.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన సంగతి. నోట్సుల్లో పదే పదే కనిపించిన వాక్యం: "రెండు కోతులు పేలు చూసుకుంటున్నాయి." ఎవరు చూస్తున్నారు? ఎవరు చూపించుకుంటున్నారు? గ్రూమింగ్‌లో ఏ క్షణం చూసినా చేసేది ఒకటి, చేయించుకునేది ఇంకోటి. ఆ దిక్కు రాయకపోతే మీరు రాసిందంతా వృథా.

ఎందుకంత పట్టుదల అంటే, గుంపు లోపలి సంగతులన్నీ ఆ దిక్కులోనే ఉన్నాయి. ఆడకోతులు తమకన్నా పైస్థాయి వాటికి ఎక్కువగా గ్రూమింగ్ చేస్తాయనీ, బదులుగా వాటి అండ దొరుకుతుందనీ కోతుల పరిశోధకుడు రాబర్ట్ సేఫార్త్ 1977లో ప్రతిపాదించాడు. అది ప్రతి గుంపులోనూ నిలబడుతుందని కాదు, కానీ మీ గుంపులో నిజమో కాదో తేల్చాలంటే దిక్కు తెలియాలి. 1984లో ఆయన, తోటి పరిశోధకురాలు డొరతీ చెనీ అంబోసెలి వెర్వెట్ కోతుల మీద ఇంకో పరీక్ష చేశారు. ఒక కోతి సాయం కోసం పెట్టిన కేకను రికార్డు చేసి, బంధుత్వం లేని ఇంకో కోతికి వినిపించారు. కేక పెట్టిన కోతి కాసేపటి క్రితం తనకు గ్రూమింగ్ చేసి ఉంటే, విన్నది ఆ వైపు ఎక్కువసేపు చూసింది. దగ్గరి బంధువుల మధ్య ఆ తేడా రాలేదు. మీ నోట్సుతో ఇలాంటి ప్రశ్న అడగగలమా? చేసిందెవరో అందులో లేదు.

మన బానెట్‌ల దగ్గరికే వద్దాం. పరిశోధకుడు అనింద్య సిన్హా 1998లో ప్రచురించిన పరిశీలన ఇది. రెండు ఆడకోతులు గ్రూమింగ్‌లో ఉండగా, రెండిటికన్నా పైస్థాయిది వచ్చిందనుకోండి. సాధారణంగా ఆ రెండిట్లో కిందిస్థాయిదే లేచి తప్పుకుంటుంది. వచ్చినదానికి రెండూ లోకువే, అయినా తప్పుకోవలసింది ఎవరో వాటికి తెలుసు. లేచి వెళ్లిందెవరో రాసిన నోట్సుకే ఇలాంటిది దొరుకుతుంది.

రాయాల్సిన తీరు ఇది:

2:10 – చెవికోత → తోకవంకర, మెడ వెనక
2:13 – ఆపింది. తోకవంకర పక్కకు ఒరిగి చెయ్యెత్తింది (అడగడం)
2:13 – చెవికోత → తోకవంకర, చంక కింద
2:17 – తోకవంకర → చెవికోత, వీపు
2:18 – గాటుపెదవి వచ్చింది. చెవికోత లేచి వెళ్లింది

బాణం ఎప్పుడూ చేసేదాని నుంచి చేయించుకునేదాని వైపు ఉండాలి. పాత్రలు మారితే కొత్త వరుస మొదలుపెట్టండి. పడుకోవడం, మెడ చాచడం, చెయ్యెత్తడం గ్రూమింగ్ కాదు, అడగడం. దాన్ని విడిగా రాయండి, ఎందుకంటే అడిగినా దొరకని కోతులుంటాయి. మధ్యలో ఆగితే నేను పది సెకన్ల దాకా అదే వరుసగా లెక్కిస్తాను. మీరు ముప్ఫై పెట్టుకోవచ్చు, కానీ మధ్యలో మార్చకండి. మూడు కోతులు వరుసగా కూర్చుంటే రెండు బాణాలు. తల్లి పిల్లకు చేసేది కూడా బాణమే, పక్కన "పి" అని గుర్తు పెట్టండి. చూపు చాటయితే "కనబడలేదు" అని రాయండి, ఊహించొద్దు.

"ప్రేమగా", "కాకా పట్టడానికి" లాంటి మాటలు నోట్సులో వద్దు. జపాన్ మకాక్‌లను దగ్గరగా చూసినవాళ్లు, అవి ఏరి తినేవాటిలో ఎక్కువ భాగం ఈపులేనని తేల్చారు. చేయించుకుంటున్న మకాక్ గుండె వేగం తగ్గడమూ కొలిచి చూసినదే. శుభ్రత, నెమ్మది, చెలిమి మూడూ ఒకే పనిలో జరుగుతాయి. ఏది ఎంతో బాణాలు కూడాక చూద్దాం.

మనుషుల గురించి అడిగినవాళ్లకు కొంచెం. మన చర్మంలో నెమ్మదిగా నిమిరితే బాగా స్పందించే నరాలు ప్రత్యేకంగా ఉన్నాయి. సెకనుకు సుమారు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగం వాటికి సరిపడేది. తలకు నూనె పట్టించేటప్పుడు, అరుగు మీద కూర్చుని పాయ తీసి పేలు చూసేటప్పుడు చెయ్యి చాలాసార్లు ఆ వేగంలోనే కదులుతుంది. ఇంట్లో ఎవరు ఎవరికి తలకు నూనె రాస్తారు, జడ వేస్తారు, కాళ్లు పిసుకుతారు అన్నది ఇదే బాణాలతో ఒక వారం రాసి చూడండి. ముందు ఇంట్లోవాళ్లకు చెప్పి రాయండి.

అసలు అభ్యాసం కష్టమైనదే. నాలుగు ఆడకోతులను గుర్తుపట్టండి. ఒక్కోదాన్ని పదేసి నిమిషాల చొప్పున ఐదుసార్లు, వేర్వేరు రోజుల్లో చూడండి. మొత్తం 200 నిమిషాలు. రోజూ ఒకే కోతితో మొదలుపెట్టకుండా చీటీలు వేసి తీయండి. తర్వాత నాలుగు అడ్డవరుసలు, నాలుగు నిలువువరుసల పట్టిక గీయండి. అడ్డంగా చేసేవి, నిలువుగా చేయించుకునేవి. గడుల్లో బాణాల సంఖ్య కాకుండా నిమిషాలు నింపండి. చూసినా గ్రూమింగ్ జరగని జంటకు సున్నా వేయండి. గుంపు కదిలిపోయి సరిగ్గా చూడలేకపోయిన జంట గడిలో గీత పెట్టండి. సున్నా ఉన్నచోట గీత, గీత ఉన్నచోట సున్నా పడితే వచ్చే పాఠంలో పైచేయి లెక్క తప్పుతుంది. అందుకే పట్టిక పంపేముందు ఆ గడులు ఇంకోసారి సరిచూడండి.