చెవితో మొదలయ్యే చదువు – 5వ పాఠం: పదంలో మొదట ఏం వినిపించింది?

పోయిన పాఠంలో పదాన్ని చప్పట్లతో విడగొట్టడం చెప్పాను. చేసి చూసినవాళ్ళలో చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. ఆ ముడి విప్పకుండా ముందుకు పోతే ఈ పాఠం కూడా అక్కడే ఇరుక్కుంటుంది. అందుకని కొత్త పాఠం కాసేపు ఆగాలి.

జరిగింది ఇది. టీచర్ "పుస్తకం" అంది. నాలుగేళ్ళ పిల్లవాడు "పుస్, త, కం" అంటూ మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. టీచర్ వెంటనే "కాదు నాన్నా, పు... స్త... కం" అని దిద్దింది. వాడు మళ్ళీ "పుస్" అన్నాడు. ఆమె మళ్ళీ దిద్దింది. మూడోసారి వాడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కళ్యాణదుర్గం వైపు అంగన్‌వాడీ టీచర్ ఒకామె, గుత్తి దగ్గర ఒకటో తరగతి చెప్పే సార్ ఒకాయన, ఆదోనిలో ఒక తల్లి, ముగ్గురూ నాతో చెప్పింది ఇదే. ఒకరికి ‘చెట్టు’ దగ్గర, ఒకరికి ‘బెల్లం’ దగ్గర, అంతే తేడా.

పిల్లవాడు చెప్పిందే రైటు. వాడు విన్నది చెప్పాడు, మనం చూసింది చెప్పాం. స కింద త ఒత్తు ఉంటుందని మనకు తెలుసు, ఎందుకంటే మనకు చదువొచ్చు. వాడికి ఇంకా అక్షరాలు రావు. ‘పుస్తకం’ అని మామూలుగా నోటితో అని చూడండి. ఆ ‘స్’ వెనక్కి వాలి ‘పు’ను ఆనుకుంటుంది. రాసేటప్పుడేమో అదే ‘స్’ ముందుకు పోయి ‘త’తో కలుస్తుంది.

నమ్మకం కుదరకపోతే హైస్కూల్లో చదువుకున్న ఛందస్సు గుర్తు తెచ్చుకోండి. ద్విత్వానికి, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు (పలకడానికి ఎక్కువసేపు పట్టేది) అని బట్టీ పట్టాం కదా. ‘పుస్తకం’లో ‘పు’ పొట్టిదే. మరి గురువు ఎందుకైంది? పక్కనున్న ‘స్’ బరువు దాని మీద పడింది కాబట్టి. పద్యం కట్టినవాళ్ళు చెవితో పట్టుకున్న సంగతినే ఈ పిల్లవాడూ చెవితో పట్టుకున్నాడు. అలాంటి చెవిని మనం దిద్దుతున్నాం.

కాబట్టి ఎన్నిసార్లు కొట్టారో చూడండి చాలు, ఎక్కడ విడగొట్టారో పట్టించుకోవద్దు. ‘అమ్-మ’ అన్నా ‘అ-మ్మ’ అన్నా రెండే. ‘బస్సు’ అనే పిల్లకు రెండు, ‘బస్’ అనే పిల్లకు ఒకటి. ‘ఇస్కూలు’ అనే పిల్ల మూడుసార్లు కొట్టాలి, ‘స్కూల్’ అనే పిల్ల ఒక్కసారే కొట్టాలి. ఎవరు పలికినదానికి వాళ్ళకే లెక్క.

ఇక ఈరోజు పాఠం. పదంలో మొదట ఏం వినిపించిందో పిల్ల పట్టుకోవాలి. పలక, బోర్డు, అక్షరాల చార్టు ఏవీ వద్దు.

ఒక గుడ్డసంచి తీసుకోండి. నేను బొమ్మల కార్డులు వాడను, కారణం కింద చెబుతాను. సంచిలో ఇంటి వస్తువులు ఒక ఐదారు వేయండి: గరిటె, ఎర్రగడ్డ (ఉల్లిపాయ), గ్లాసు, బెల్లం ముక్క, చింతపండు, దువ్వెన. పిల్ల చెయ్యి పెట్టి ఒకటి తీస్తుంది. పేరు తనే చెప్పాలి, మీరు ముందుగా చెప్పకూడదు. "గరిటె" అంటుంది. "గరిటె. మొదట ఏం వినిపించింది?" అని అడగండి. "గ" అంటే సరే. ‘బెల్లం’కు "బెల్" అన్నా సరే, "బె" అన్నా సరే. "గరిటె" అని మొత్తం పదం తిరిగి చెబితే మీరే ఒకసారి "గ... రిటె" అని కొంచెం ఆగి పలికి, ఇంకో వస్తువుకు పొండి. అక్కడే కూర్చుని లాగవద్దు. చింతగింజలు, చెనగ్గింజలు (వేరుశనగ గింజలు) లాంటివి చిన్నపిల్లలున్న చోట సంచిలో వేయకండి, నోట్లో పెట్టుకుంటారు.

నేనైతే ఈ ఆట మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడిస్తాను. పొద్దున్నే పిల్లలు ఇంటి ధ్యాసలో ఉంటారు. పది నిమిషాలు మించకూడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నన్ను బాగా బాధపెట్టే తప్పు ఇది, అందుకే ఎక్కువసేపు చెబుతాను.

కార్డు మీద బొమ్మ ఉంటుంది. కింద ‘వేరుశనగ’ అని అచ్చు వేసి ఉంటుంది. టీచర్ కార్డు చూపించి "మొదట ఏం వినిపిస్తుంది?" అంటుంది. అనంతపురం పిల్ల "చె" అంటుంది. టీచర్ "తప్పు, వే" అంటుంది. ఆ పిల్ల చెవిలో ఏ లోపమూ లేదు. ఆమె ఇంట్లో అది చెనక్కాయ. ‘చెనక్కాయ’లో మొదట వినిపించేది ‘చె’నే. కర్నూలు వైపు పిల్లయితే "బు" అనొచ్చు, అక్కడ బుడ్డలంటారు. ఉల్లిపాయ బొమ్మ చూసి "ఎ" అన్న పిల్లకు అది ఎర్రగడ్డ. మరమరాల బొమ్మ చూసి "బొ" అంటే అవి బొరుగులు. మడకశిర పిల్ల కుక్క బొమ్మకు "నా" అంటే, ఇంట్లో కన్నడంలో అది నాయి. తండా నుంచి వచ్చిన పిల్ల నీళ్ళ బొమ్మకు "పా" అంటే, లంబాడీలో అది పాణి. వీళ్ళంతా సరిగ్గా విన్నారు, సరిగ్గా చెప్పారు. తప్పు వేసింది మాత్రం వాళ్ళ ఇంటి మాటకు.

నేనూ చేశాను ఈ తప్పు, ఉద్యోగంలో చేరిన కొత్తలో. తండా నుంచి వచ్చే ఒక పిల్ల గ్లాసు చూపించి "పాణి" అంది. నేను "నీళ్ళు అనాలి" అన్నాను, కసరలేదు, నవ్వుతూనే అన్నాను. రెండు మూడు రోజులు అలాగే అన్నాను. తర్వాత ఆ పిల్ల దాహమైతే అడగడం మానేసి, కుండ దగ్గరికి పోయి నిలబడేది. గ్లాసు వైపు చూసేది, నా వైపు చూసేది. మాట మాత్రం వచ్చేది కాదు. ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పడానికి నెల పైనే పట్టింది. అదీ ఆయా వాళ్ళ భాషలో పలకరించాకే.

మాట ఆగిపోతే చదువుకు ఏం నష్టమని అడుగుతారు. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని చిన్న లెక్కలాగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలను కూడబలికే శక్తిని, మాట విని అర్థం చేసుకునే శక్తితో గుణించడం. కూడిక కాదు, గుణింపు. రెండింట్లో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే. మన బళ్ళలో కష్టమంతా మొదటి సగం మీదే పెడతాం. రెండో సగం ఇంట్లో అవ్వ ఒడిలో, చేని గట్టు మీద, అంగన్‌వాడీ చాప మీద తయారవడం మొదలవుతుంది, అదీ ఐదేళ్ళు నిండకముందే.

రెండో తరగతి పిల్ల ఒకామె నా ముందు ‘వేరుశనగ’ అనే మాటను ఎక్కడా తడబడకుండా చదివింది. అంటే ఏంటమ్మా అని అడిగితే తెలియదంది. పక్కనే వాళ్ళమ్మ చాటలో చెనక్కాయలు ఒలుస్తోంది. ఆ పిల్ల ఒడి నిండా పొట్టు. పుస్తకంలో ఉన్నదీ ఒడిలో ఉన్నదీ ఒకటేనని ఎవరూ ఆమెకు చెప్పలేదు. మూడేళ్ళప్పుడు ఎవరైనా "ఔనమ్మా, చెనక్కాయే. పుస్తకంలో దీన్ని వేరుశనగ అని రాస్తారు" అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

చేయాల్సిందీ అంతే. ముందు పిల్ల మాటను అదే మాటతో ఒప్పుకోండి: "ఔ, చెనక్కాయ." దానికి చప్పట్లు కొట్టించండి: చె-నక్-కా-య. మొదటిది అడగండి: చె. అంతా అయ్యాక రెండో పేరు కలపండి: "దీనికి ఇంకో పేరుంది, వేరుశనగ. అందులో మొదట ఏం వినిపిస్తుంది?" ఈ వరస మార్చవద్దు. రెండో పేరు ముందు చెబితే అది దిద్దినట్టే ఉంటుంది. తర్వాత చెబితే పిల్ల దగ్గర ఒకే వస్తువుకు రెండు మాటలు చేరతాయి. నాయి పక్కన కుక్క, పాణి పక్కన నీళ్ళు, ఎర్రగడ్డ పక్కన ఉల్లిపాయ అన్నీ ఇలాగే. ఆ ఇంటి భాష మీకు రాకపోతే పిల్లనే అడిగి నేర్చుకోండి. టీచర్‌కు మాట నేర్పించిన పిల్ల ఆ రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది.

కార్డులు నేను ఎందుకు వాడనో ఇప్పుడు అర్థమై ఉంటుంది. కింద అచ్చేసిన పేరు ఉంటే మన కన్ను దాని మీదికే పోతుంది. కార్డులు తప్ప వేరే దారి లేకపోతే కింద పేరు మీద కాగితం అంటించండి.

ఒకటో తరగతి టీచర్లు కొందరు ‘గ’లో ‘గ్’ని విడిగా పట్టించాలా అని అడిగారు. నాలుగేళ్ళ వయసులో వద్దు, ఒకటో తరగతిలోనూ తొందర వద్దు. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడం చదివే పిల్లల మీద చేసిన పని 2007లో వెలువడింది. అక్షరం మొత్తాన్ని ఒక ముక్కగా వినడం ముందే వస్తుందని, లోపలి ఒక్కో ధ్వనిని విడిగా పట్టుకోవడం చాలా నెమ్మదిగా వస్తుందని అందులో తేలింది. మన లిపీ అలాంటిదే. 35 హల్లులనే లెక్కేసుకుని, ‘క’ నుంచి ‘కౌ’ దాకా 12 గుణింతపు రూపాలు చూసినా 420 అవుతాయి, ఒత్తులు కాకుండానే. అన్నీ ఒక్క ఏడాదిలో రావు. గుణింతాలు చేతికి వచ్చేకొద్దీ ‘గ్’ దానంతట చెవికి దొరకడం మొదలవుతుంది. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ళ దాకా ఒకే పునాది దశగా పెట్టింది. అంగన్‌వాడీలో ఇంకా రాలేదని, ఒకటో తరగతిలో ఎందుకు రాలేదని టెన్షన్ పడి పిల్లలను తొందరపెట్టకండి. మీరంతా ఒకే పని చేస్తున్నారు.

సాధన ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, ఒక వారం పడుతుంది.

ఒక పిల్లను ఎంచుకోండి, మీ దగ్గర అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లను. ఐదు రోజులు, రోజుకు పది నిమిషాలు పక్కన కూర్చుని ఆమె ఏం మాట్లాడితే అది నోటుబుక్కులో రాయండి. "ఏంది", "యాడికి", "అట్ల" అంటే అట్లాగే రాయండి. మీరు ప్రశ్నలు అడగకండి. ఆడుకునేటప్పుడు రాస్తే ఎక్కువ దొరుకుతాయి. ఆరో రోజు ఆమె ఇంటికి పోయి, అవ్వో అమ్మో ఎవరుంటే వాళ్ళ దగ్గర కూర్చుని, ఇంట్లో వస్తువులకు వాళ్ళనే పేర్లు ఇరవై అడిగి రాసుకోండి. ప్రతి పేరు పక్కన మూడు గళ్ళు గీయండి: ఎన్ని చప్పట్లు, మొదట ఏం వినిపిస్తుంది, పుస్తకంలో దాన్ని ఏమంటారు. మూడో గడిలో ఏం రాయాలో తోచని మాటలు కొన్ని వస్తాయి. వాటిని ఖాళీగా వదిలేయండి, మీరు పేరు కల్పించవద్దు. ఏడో రోజు ఆ ఇరవైలో ఐదు వస్తువులు సంచిలో వేసి ఆట ఆడించండి.

ఆరో పాఠానికి కూర్చునేటప్పుడు ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకోండి. ఖాళీగా వదిలిన గళ్ళతోనే మొదలుపెడదాం.