ఆగితే వణికే కారు: తప్పు ఇంజన్‌ది కాదు

నా పాత ఆటోమేటిక్ కారు ఆగి ఉంటే చాలు, స్టీరింగ్, సీటు రెండూ వణికేవి. స్పీడందుకున్నాక ఏమీ తెలిసేది కాదు. ముందు స్పార్క్ ప్లగ్గులు మార్చాను, ఇంజన్‌లోకి గాలిని వదిలే థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించాను. డబ్బులు పోయాయి, వణుకు పోలేదు.

అప్పుడు గానీ బుద్ధి రాలేదు. ఇంజన్ నడుస్తుండగా సిలిండర్లలోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లలో ఒక్కోదాని కనెక్టర్ తీసి మళ్లీ పెట్టి చూశాను. తీసిన ప్రతిసారీ ఇంజన్ ఒకేలా తడబడింది. అంటే నాలుగు సిలిండర్లూ పనిచేస్తున్నాయి. ఆర్‌పీఎం ముల్లు కూడా 800 దగ్గర నిలకడగానే ఉంది. మరి ఆ వణుకు బాడీలోకి ఎలా వస్తోంది?

బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కిపట్టి గేరు డి నుంచి ఆర్‌కి మార్చాను. పక్కన నిలబడి చూస్తున్న తమ్ముడు (కారు ముందు మాత్రం ఎవరూ నిలబడకూడదు) "అన్నా, ఇంజన్ ఒకవైపు ఎగిరిపడుతోంది!" అన్నాడు. ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచి, దాని వణుకు బాడీకి చేరకుండా ఆపే కుడివైపు మౌంట్ రబ్బరు చిరిగి, లోపలి ద్రవమంతా కారిపోయింది.

ఆయిల్ పాన్ కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువును మోయించి, కొత్త మౌంట్ బిగించాను. గంట పని. ఏసీ వేస్తే ఇంకా కాస్త వణుకుతుంది, పాత బండి కదా, వదిలేశాను.