ఫ్యూగ్ వినడం ఎలా? హాండెల్ కోరస్ ఒకటి చాలు

నాలుగు గొంతులు నాలుగు రకాలుగా పాడుతుంటే మొదట్లో అంతా కలగాపులగంగా వినిపిస్తుంది. మన చెవికి ఒకే వరస వెంట నడవడం అలవాటు. పాశ్చాత్య సంగీతంలో ఫ్యూగ్ అనే తరహా రచనలో ఆ ఒక్క వరసనే గొంతులు ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. ముందు పాడిన గొంతు ఆగదు, దానికి జతగా ఇంకో వరస పాడుతూనే ఉంటుంది.

స్వరకర్త హాండెల్ 1741లో రాసిన 'మెస్సయా' అనే ఒరటోరియో (బైబిల్ మాటలకు కట్టిన పెద్ద గాన రచన) రెండో భాగంలో 'అండ్ విత్ హిజ్ స్ట్రైప్స్' అనే కోరస్ (బృందగానం) ఉంది. సుమారు రెండు నిమిషాలు. మొదలుపెట్టడానికి నేనైతే ఇదే ఇస్తాను.

1. ముందు మాటలు తెలుసుకోండి. బైబిల్లో యెషయా 53:5 చివరి భాగం ఇది: ఆయన పొందిన దెబ్బల వల్ల మనకు స్వస్థత. తెలుగు చర్చిల్లో పెరిగినవాళ్లకు బాగా తెలిసిన వాక్యమే.

2. మొదటి నాలుగు స్వరాలను నోటికి తెచ్చుకోండి. అసలు పని ఇదే, తొందరపడకండి. కీరవాణి స్వరాలు వచ్చినవాళ్లు ప, గ, ద, ఆ తర్వాత మంద్ర స్థాయి ని పాడి చూడండి. ఒక్కో స్వరాన్నీ సాగదీసి పాడాలి. ద నుంచి కింది ని మీదికి పడే ఆ దూకుడు సరిగ్గా 'స్ట్రైప్స్' అనే మాట దగ్గర వస్తుంది. దెబ్బ అనే మాటకు ఇంతకన్నా తగిన స్వరం నాకు తోచదు. సంగీతం రానివాళ్లు ఆ పడిపోవడాన్ని గుర్తుపెట్టుకున్నా సరిపోతుంది.

3. వేళ్లు లెక్కపెడుతూ వినండి. సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్. పై గొంతు నుంచి కింది గొంతుకు అదే వరుసలో వస్తాయి. ఆల్టో వేరే స్వరం మీద మొదలుపెడుతుంది, మొదటి అడుగు కాస్త మారుతుంది కూడా. కానీ ఆ దూకుడు దగ్గర పోల్చుకుంటారు.

4. రెండోసారి సొప్రానోను వదలకండి. ఆల్టో వచ్చాక అది ఏం చేస్తోందో చూడండి. 'హీల్డ్', అంటే స్వస్థత అన్న మాటను పొడవుగా అల్లుకుంటూ పోతుంది. ఒక గొంతులో దెబ్బ, అదే క్షణంలో ఇంకో గొంతులో స్వస్థత. ఈ రెండూ కలిసి వినిపించిన రోజు ఫ్యూగ్ మీకు అందినట్టే.

5. చివర్లో ప్లేయర్ ఆపకండి. ఇది షడ్జమం (స) మీద ముగియదు, పంచమం (ప) మీద నిలబడుతుంది. వెంటనే తర్వాతి కోరస్ 'ఆల్ వీ లైక్ షీప్' మేజర్ స్కేల్‌లో (మన శంకరాభరణం స్వరాలు) చురుగ్గా అందుకుంటుంది.