పాత స్పీకర్ బాక్సులు పారెయ్యకుండ్రి, ఇంట్లనే బాగుచేసుకునుడు ఎట్లనో చూడుండ్రి

హన్మకొండల మా ఇంట్ల సజ్జ మీద ఓ జోడి స్పీకర్ బాక్సులు ఏండ్ల కొద్ది పడి ఉండె, బాపు టేప్‌రికార్డర్ జమానాల కొన్నవి, ఎనిమిదించుల వూఫరు (బాస్ ఇచ్చే పెద్ద స్పీకర్), దాని మీద చిన్న ట్వీటరు (సన్నటి సప్పుళ్ళు ఇచ్చేది). ఒకదాన్ని నేను తొందరపడి షాపుల ఇచ్చిన, వాళ్ళు పాత కోన్, కాయిల్ మొత్తం పీకేసి రెడీమేడ్ కోన్ ఏసి ఇచ్చిన్రు. మోగుతది, కానీ ఆ గొంతు కాదు. తర్వాత తెలిసింది ఏందంటే దాంట్ల పోయింది కోన్ అంచుకు చుట్టూ ఉండే ఫోమ్ రింగు ఒక్కటే, కాయిల్ మంచిగనే ఉండె, కోన్ మంచిగనే ఉండె. రెండోదాన్ని ఎవ్వరికి ఇయ్యకుండ నేనే కూసొని చేసిన, అది ఇప్పటికీ బాపు విన్నప్పటి లెక్కనే మోగుతది. అందుకే ఇది రాస్తున్న, మీ ఇంట్ల గూడ అసొంటి జోడి ఉంటే పాత కోన్‌ను మాత్రం పోనియ్యకుండ్రి.

స్పీకర్ లోపట పెద్ద మాయ ఏం లేదు. 1925ల అమెరికాల జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీల చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అని ఇద్దరు చూపించిన పద్ధతే ఇప్పటికీ నడుస్తుంది: అయస్కాంతం నడుమ సన్న సందు, ఆ సందుల తీగ చుట్టిన కాయిల్, కాయిల్‌కు అంటుకొని కాగితం కోన్. కరెంటు వస్తే కాయిల్ ముందుకు ఎన్కకు ఊగుతది, దానితోని కోన్ ఊగుతది, గాలి కదులుతది. అయస్కాంతం ఊకెనే చచ్చిపోదు. కాయిల్ గూడ ఎక్కువ సౌండు పెట్టి కాల్చితేనో, అయస్కాంతానికి రాసుకుంటేనో తప్ప పోదు. పోయేదల్లా అంచు ఫోమ్, జిగురు, కోన్‌కు పొయ్యే మెత్తటి వైరు, లోపటి కెపాసిటర్. ఈ నాలుగూ ఇంట్ల మార్చుకోవచ్చు.

ముందుగాల మీటర్ పెట్టి చూడాలె

పాత బాక్సు దొరకంగనే యాంప్‌కు (యాంప్లిఫయర్‌కు) తగిలించి సౌండు పెంచుడు అస్సలు చెయ్యొద్దు. ఫోమ్ పోయిన కోన్ పక్కకు ఒరిగి ఉంటది, కాయిల్ అయస్కాంతానికి రాసుకొని దాని మీది వార్నిష్ గీసుకుపోతది, అప్పుడు నిజంగనే కాయిల్ పోతది. ముందు జాలీ తీసి, స్క్రూలు ఇప్పి, ఏ వైరు ఏ మొనకు ఉన్నదో ఫోన్‌ల ఫోటో తీసుకోండ్రి, గుర్తుంటది లే అనుకోకుండ్రి. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను గుంజుకొని సరక్కున కోన్‌లకు దించుతది, గందుకే ఒక చెయ్యి ఎప్పుడు కోన్‌కు అడ్డం పెట్టి స్క్రూలు ఇప్పాలె. నేనైతే మా కొత్తవాడ జంపఖానా నాలుగు మడతలేసి బాక్సును దాని మీద ఎల్లకిల పండవెట్టి ఇప్పుత, పాలిష్ గీసుకుపోదు. ఇప్పినంక స్పీకర్‌ను మాత్రం శుభ్రమైన టేబుల్ మీద పెట్టాలె, ఇనుప రజను గాని పత్తి పోగు గాని కాయిల్ సందుల పడితే తీసుడు మస్తు కష్టం.

ఇగ మల్టీమీటర్‌ను ఓమ్స్ మీద పెట్టి రెండు మొనలకు ఆనించండ్రి. ఎనిమిది ఓమ్స్ అని రాసున్న స్పీకర్ మీటర్ల ఎనిమిది చూపియ్యదు, ఐదున్నర నుంచి ఏడు మధ్యల చూపిస్తది, నాలుగు ఓమ్స్‌ది మూడు, మూడున్నర చూపిస్తది, అది మంచిదే. అసలేం చూపియ్యకపోతే కాయిల్ తెగింది లేదా మెత్తటి వైరు తెగింది. సున్నాకు దగ్గర చూపిస్తే లోపట షార్ట్ అయింది. గుళ్లల్ల, స్కూళ్లల్ల పెట్టిన పాత మైక్‌సెట్ బాక్సులు కొన్నిట్ల 100 వోల్ట్ లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది, అసొంటిదాన్ని బయటి మొనల కాడ కొలిస్తే వచ్చేది ట్రాన్స్‌ఫార్మర్ లెక్క, స్పీకర్‌ది కాదు, అది ఇప్పి స్పీకర్ కాడనే కొలవాలె.

తర్వాత ఒక పెన్సిల్ సెల్ తీసుకొని ప్లస్సును ఎర్ర గుర్తున్న మొనకు, మైనస్సును రెండోదానికి ఒక్క క్షణం ఆనించి తియ్యండ్రి. టక్ మని కోన్ బయటికి వస్తే సరిగ్గ ఉన్నట్టు. లోపటికి పోతే వైర్లు ఉల్టా ఉండొచ్చు, కానీ పాత జేబీఎల్ స్పీకర్లు కొన్ని కంపెనీ నుంచే ఉల్టా వస్తయి, అసొంటియి అట్లనే ఉంచాలె. సెల్‌ను ఎక్కువ సేపు పట్టి ఉంచొద్దు.

ఆఖరి పరీక్ష చేతి వేళ్ళతోని. రెండు చేతుల వేళ్ళను కోన్ నడిమి బుడిపె చుట్టూ సమానంగ ఆనించి, నెమ్మదిగ లోపటికి ఒత్తి వదలాలె, చెవి దగ్గర పెట్టి వినాలె. ఏ సప్పుడు లేకుండ మెత్తగ పోయొస్తే కాయిల్ సందుల నడుమ ఉన్నది. గరగర అంటే రాసుకుంటున్నది. ఫోమ్ పోయిన స్పీకర్‌ల జర గరగర వచ్చినా భయపడకుండ్రి, ఆ కోన్‌ను పట్టేటిది ఏం లేదు కాబట్టి ఒరిగి ఉంటది, కొత్త రింగు పెట్టినంక సరి అయితది.

ఫోమ్ మార్చుడు

ఇది అసలు పని, ఇక్కడ నిదానంగ ఉండాలె. ముందుగాల అంచు దేనితో చేసిందో చూడండ్రి. వేలు తాకంగనే పొడిపొడి అయి నల్లగ జిగటగ అంటుకుంటే అది ఫోమ్, మన వానకాలపు తేమకు, ఎండకు పది ఇరవై ఏండ్లల్ల అది తనంతట తనే కరిగిపోతది, ఎవ్వరు వాడినా వాడకపోయినా అంతే. గుడ్డకు మందు పూసినట్టు ముడుతలు ముడుతలు ఉంటే అది క్లాత్ అంచు, పాత ఫిలిప్స్ రేడియోల స్పీకర్ల కాడికెళ్లి గట్టిగ ఉండేది ఇదే, దాన్ని ముట్టుకోవద్దు, చినగకుంటే చాలు. రబ్బరు అయితే తడిగుడ్డతోని తుడిస్తే సరిపోతది.

కొత్త రింగు కొనేటప్పుడు ఎనిమిదించులది ఇయ్యుండ్రి అంటే సాలదు. నాలుగు కొలతలు రాసుకోవాలె: కోన్ బయటి అడ్డం, రింగు బొంగ (ఉబ్బెత్తు భాగం) మొదలయ్యే కాడ అడ్డం, బొంగ అయిపోయే కాడ అడ్డం, ఫ్రేమ్ మీద అంటుకునే అంచు అడ్డం. పాత ఫోమ్ పూర్తిగ పీకకముందే కొలవాలె, పీకినంక ఏం మిగలదు. వరంగల్ స్టేషన్ రోడ్డు దిక్కు ఎలక్ట్రానిక్ సామాన్ల షాపుల అడిగి చూడండ్రి, దొరకకపోతే హైదరాబాద్ కోఠి గుజరాతి గల్లీ, అదీ కాకపోతే ఆన్‌లైన్‌ల జోడి రింగులు తెప్పించుకోవచ్చు. ఎప్పుడైనా రెండు స్పీకర్లకూ ఒక్కసారే మార్చాలె, ఒకటి మెత్తది ఒకటి గట్టిది అయితే రెండు పక్కల బాస్ వేరేవేరే వస్తది.

పాత ఫోమ్‌ను బ్లేడు మొద్దు పక్కతోని నెమ్మదిగ గీకాలె, మిగిలిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ల దూది ముంచి తుడవాలె, ముంచినంక పిండాలె, కాగితం కోన్ నానొద్దు. గోర్ల పాలిష్ తీసే మందు వాడొద్దు, అది కొన్ని రకాల ప్లాస్టిక్‌ను కరగపెడ్తది. ఈ గీకుడుకే నాకు ఒక పొద్దంతా పట్టింది, తొందరపెట్టకుండ్రి, కోన్ అంచు పలచగ ఉంటది, ఒక్క జరుకుతో చినుగుతది.

జిగురు సంగతి. కాగితం కోన్‌కు మామూలు తెల్ల ఫెవికోలే మంచిది, నెమ్మదిగ ఆరుతది కాబట్టి అటు ఇటు జరుపుకోవడానికి టైం దొరుకుతది, ఆరినంక కనపడదు. ప్లాస్టిక్ కోన్, రబ్బరు అంచు అయితే ఫెవికోల్ పట్టదు, రబ్బరు సొల్యూషన్ లాంటి కాంటాక్ట్ జిగురు కావాలె. ఫెవిక్విక్ మాత్రం వద్దు, పెట్టంగనే పట్టేసుకుంటది, వంకర వస్తే ఇగ సరిచేసుడు ఉండదు, పైగా గాజు లెక్క గట్టిపడి పగులుతది.

ముందు కోన్ అంచుకే అంటించాలె. కోన్‌కు సన్నగ ఫెవికోల్ గీత గీసి, రింగు లోపటి అంచును చుట్టూ ఆనిచ్చి, వేలితోని ఒత్తుకుంట రావాలె. ఎండాకాలంల మన దిక్కు రామగుండం గాలికి ఫెవికోల్ పది నిమిషాలల్ల పొర కట్టుకుంటది, గట్లాంటప్పుడు పొద్దుపొద్దున చెయ్యుండ్రి, ఎండల ఆరబెట్టకుండ్రి. ఒక రాత్రి వదిలెయ్యాలె.

తెల్లారి ఫ్రేమ్‌కు అంటించుడు. కోన్ సరిగ్గ నడుమ ఉన్నదా లేదా అనేది ఇక్కడనే తేలుతది. రెండు దార్లు ఉన్నయి. నేను చేసింది పాత ఎక్స్‌రే ఫిలిం దారి: నడిమి బుడిపెను బ్లేడుతో చుట్టూ నెమ్మదిగ కోసి తీసి, ఎక్స్‌రే ఫిలింను సన్నటి పట్టీలుగ కత్తిరించి, కాయిల్‌కూ లోపటి ఇనుప గుండుకూ మధ్య సందుల నాలుగు దిక్కుల దోపుతరు, అప్పుడు కాయిల్ ఎటూ ఒరగదు, ఫ్రేమ్‌కు జిగురు పెట్టి ఆరినంక పట్టీలు గుంజేసి బుడిపెను మళ్ళ అంటిస్తరు. బుడిపె కొయ్యాలంటే భయమైతే రెండో దారి, ఫోన్‌ల టోన్ జనరేటర్ యాప్ ఏసుకొని, చిన్న యాంప్‌కు తగిలించి, 30 హెర్ట్జ్ టోన్ మస్తు తక్కువ సౌండుల పెట్టండ్రి. ఫ్రేమ్‌కు జిగురు పెట్టి రింగు ఆనిచ్చి, కోన్ ఊగుతుండంగ గరగర వినపడితే ఆ దిక్కు జర జరపాలె, గరగర పూర్తిగ పోయిన కాడ ఆపి, చుట్టూ బట్టల క్లిప్పులు పెట్టాలె. పదినిమిషాలకొకసారి మళ్ళ వినాలె, ఎందుకంటే ఆరేటప్పుడు జిగురు గుంజుతది.

కోన్ చినిగితే, వైరు తెగితే

కోన్‌ల చిన్న చీలిక, ఎలుక కొరికిన బొక్క, చిన్న పిల్లల వేలు దిగిన గుంట, ఏదైనా సరే కోన్ మార్చాలె అంటరు షాపుల, అవసరం లేదు. టిష్యూ పేపర్‌ను చేత్తో చించి (కత్తెరతో వద్దు, అంచు గట్టిగ ఉంటది) నీళ్ళు కలిపిన ఫెవికోల్‌తో ఎన్క దిక్కు నుంచి ఒక్క పొర అంటించండ్రి, ముందు దిక్కున చీలిక మీద సన్నగ ఒక గీత. నాలుగైదు పొరలు ఏస్తే కోన్ బరువెక్కి గొంతు మారుతది, అందుకే పలచగనే. లోపటికి నొక్కుకుపోయిన బుడిపె ఉంటే సూదితో పొడవకుండ్రి, సెల్లో టేప్ అంటించి మెల్లగ గుంజితే బయటికి వస్తది.

మెత్తటి వైరు ఎక్కువగ కోన్ మీద టంకం కాడనే తెగుతది, ఊగీ ఊగీ. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు, పెద్దది పెడితే కోన్ కాలుతది. కొత్త మెత్తటి వైరే వెయ్యాలె, మామూలు వైరు వేస్తే రెండు నెలలకు మళ్ళ తెగుతది. కోన్ ఎంత ముందుకు వచ్చినా వైరు బిగుసుకోకుండ వదులు ఉంచాలె, అట్లని ఫ్రేమ్‌కు తగలొద్దు.

అయస్కాంతాన్ని మాత్రం ఇప్పకుండ్రి. పాత అల్నికో రకం అయస్కాంతం, దాని చుట్టూ ఉండే ఇనుప గూడు నుంచి తీస్తే బలం పోగొట్టుకుంటది, మళ్ళ పెట్టినా రాదు.

ట్వీటర్ మోగకపోతే

ట్వీటర్‌కు సిరీస్‌ల ఒక కెపాసిటర్ ఉంటది, దాని పనే కింది బాస్‌ను ఆపుడు. ఎనిమిది ఓమ్స్ ట్వీటర్‌కు 4.7 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్) కెపాసిటర్ పెడితే సుమారు 4200 హెర్ట్జ్ నుంచి పైవి పోతయి, 3.3 పెడితే 6000 నుంచి. పాత బాక్సులల్ల నాన్-పోలార్ (ప్లస్ మైనస్ లేని) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు వాడిన్రు, అవి ఏండ్లకు లోపట ఎండి విలువ మారిపోతయి, ట్వీటర్ నీరసంగ వినపడుతది, మనమేమో ట్వీటర్ పోయింది అనుకుంటం. కెపాసిటర్ ఒక కాలు ఊడదీసి మీటర్‌ల కొలిచి, మారిపోతే దాని మీద రాసున్న విలువదే 100 వోల్ట్ పాలిస్టర్ది వెయ్యాలె. ప్లస్ మైనస్ ఉన్న మామూలు ఎలక్ట్రోలైటిక్ వెయ్యొద్దు, ఇక్కడ అటు ఇటు రెండు దిక్కుల కరెంటు పోతది. ఎక్కువ విలువది వేస్తే బాస్ గూడ ట్వీటర్‌లకు పోయి అది కాలుతది, ఇది గుర్తుపెట్టుకోండ్రి. కొత్తది వేసినంక ట్వీటర్ జర ముందుకొచ్చినట్టు అనిపిస్తది, నాలుగు రోజులు విని చూడండ్రి.

వాల్వు రేడియోలోని స్పీకర్ అయితే ఇంకో మాట: ఆ సెట్టుల స్విచ్ ఆపేసినంక గూడ లోపట కెపాసిటర్లల్ల రెండు మూడొందల వోల్టులు నిలిచి ఉంటయి, తెలిసినోళ్ళు లేకుండ లోపట చెయ్యి పెట్టొద్దు. స్పీకర్ ఇప్పేసి సెట్టును ఆన్ చేసుడు గూడ వద్దు, లోడు లేకుంటే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతది.

బాక్సు, మళ్ళ బిగించుడు

లోపట పసుపు ఊలు లెక్క గ్లాస్ ఊల్ ఉంటే చేతికి గ్లవుజులు, ముక్కుకు మాస్క్ వేసుకోండ్రి, చర్మాన్ని మస్తు కొరుకుతది. కొన్ని బాక్సులల్ల మన పత్తే కూరి ఉంటది, తేమ పట్టి పురుగులు గూడు కట్టినా ఆశ్చర్యం లేదు, దాన్ని తీసేసి శుభ్రమైనది పెట్టాలె, అయితే పత్తి పోగు కోన్ ఎన్కకు, కాయిల్ దిక్కు పోకుండ సన్నటి గుడ్డ చుట్టి పెట్టాలె. చెక్కకు చెదలు పట్టిందేమో మూలలు తట్టి చూడండ్రి, ఊడిన జాయింట్లకు ఫెవికోల్ పెట్టి తాడుతో బిగించి ఒక రోజు ఉంచాలె. పూర్తిగ మూసి ఉండే రకం బాక్సు అయితే ఎక్కడా గాలి పోవద్దు, స్పీకర్ కింద సన్నటి ఫోమ్ పట్టీ పెట్టండ్రి.

బిగించేటప్పుడు ఒక చిన్న పని చేస్తే మస్తు లాభం: వూఫర్‌ను ముందున్నట్టు కాకుండ తలకిందులు చేసి, అంటే సగం చుట్టు తిప్పి బిగించాలె. ఇన్నేండ్లు బరువుకు కిందికి వేలాడిన స్పైడర్ (కోన్ ఎన్క కాయిల్‌ను నడుమ పట్టి ఉంచే ముడుతల గుడ్డ) ఇప్పుడు ఉల్టా దిక్కుకు సర్దుకుంటది.

రెండు బాక్సులకూ ప్లస్ మైనస్ ఒకే తీరుగ వచ్చిందా చూడాలె. రెండింటినీ పక్కపక్కన ఎదురుగ పెట్టుకొని ఒక్క మనిషి గొంతు ఉన్నది ఏదన్నా పెట్టండ్రి, వరంగల్ ఆకాశవాణి వార్తలు పెట్టినా సరే. గొంతు సరిగ్గ నడిమికెళ్లి వస్తే మంచిగ ఉన్నట్టు, ఎక్కడినుంచి వస్తుందో తెలియకుండ గదంతా తేలిపోతే, బాస్ గూడ సన్నబడితే, ఒక బాక్సు వైర్లు ఉల్టా ఉన్నయి, మార్చాలె.

మొదటి రెండు మూడు రోజులు సౌండు సగం దాటనియ్యొద్దు. ఫోమ్ కొత్తది గట్టిగ ఉంటది, ఊగీ ఊగీ మెత్తబడ్డంక బాస్ దానంతట అదే దిగుతది. నేనైతే బాపును పిలిచి రెండు బాక్సుల మధ్యల కుర్చీ ఏసి కూసోబెట్టిన. ఏది షాపుల చేసిందో, ఏది నేను చేసిందో చెప్పలేదు. ఆయన కండ్లు మూసుకొని వినుకుంట నేను చేసినదాని దిక్కు చెయ్యి పెట్టి "గిది మనది" అన్నడు.