లైకెన్‌కు డీఎన్ఏతో పేరు పెట్టబోతే ఎక్కడ తేడా కొడుతుంది?

పెంచలకోన, ఉదయగిరి కొండల నుంచో, చీమకుర్తి వైపు గ్రానైట్ బండల మీద నుంచో లైకెన్లు తెచ్చి ప్రాజెక్టు మొదలుపెట్టే ఎమ్మెస్సీ పిల్లల కోసం ఇది. ఒక్క సంగతి గుర్తుంటే సగం చిక్కులు విడిపోతాయి. లైకెన్‌లో శిలీంధ్రం, శైవలం కలిసి కాపురం చేస్తున్నా, నామకరణ నియమావళి ప్రకారం ఆ పేరు శిలీంధ్రానిదే. మనం చదవాల్సిన డీఎన్ఏ కూడా దానిదే.

సమస్య: జెల్ మీద బ్యాండే లేదు

బ్యాండ్ అంటే జెల్ మీద డీఎన్ఏ కనిపించే గీత. అది లేనంత మాత్రాన డీఎన్ఏ రాలేదని వెంటనే అనుకోకండి. లైకెన్ ఆమ్లాలు, జిగురు పాలిశాకరైడ్లు పీసీఆర్‌ను (డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే చర్యను) ఆపేస్తాయి. బాగా పనిచేస్తుందని తెలిసిన వేరే డీఎన్ఏలో మీ ద్రావణం ఒక చుక్క కలిపి నడపండి. అదీ ఆగిపోతే తప్పు నిరోధకాలదే. అప్పుడు డీఎన్ఏను పది రెట్లు, యాభై రెట్లు పలుచన చేసి చూడండి, బీఎస్ఏ (నిరోధకాలను పట్టి ఉంచే ప్రోటీన్) కలపండి. ఈసారి నూరే ముందు ముక్కను అసిటోన్‌లో నానబెట్టండి. ఆ అసిటోన్ పారబోయకండి సుమా, టీఎల్‌సీ ప్లేటు (రసాయనాలను విడదీసి చూపే పూత పలక) మీద పెడితే రసాయనాల వివరం దాని నుంచే వస్తుంది.

పలుచన చేసినా రాకపోతే నమూనా పాడైనట్టే. తడి లైకెన్‌ను పాలిథిన్ కవర్లో కట్టి మన ఎండల్లో బస్సులో తెస్తే బూజు పట్టక ఏమవుతుంది? కాగితం కవరే వాడండి, నీడలో ఆరబెట్టండి. పాత నమూనా అయితే ఐటీఎస్ (శిలీంధ్ర జాతులను గుర్తించడానికి చదివే డీఎన్ఏ భాగం) మొత్తం కాకుండా అందులోని ఐటీఎస్2 చిన్న ముక్క కోసం ప్రయత్నించండి.

సమస్య: బ్యాండ్ ఉంది, బ్లాస్ట్‌లో క్లాడోస్పోరియమో ట్రెబూక్సియానో వచ్చింది

బ్లాస్ట్ అంటే మన సీక్వెన్సును (డీఎన్ఏ అక్షరాల వరుసను) జెన్‌బ్యాంక్ అనే బహిరంగ డేటాబేస్‌తో పోల్చి చూడడం. అందులో ట్రెబూక్సియా వస్తే అది లైకెన్‌లోని శైవలం. ఐటీఎస్1, ఐటీఎస్4 ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్ఏ తునకలు) శిలీంధ్రాన్నీ శైవలాన్నీ పట్టుకుంటాయి, ఐటీఎస్1 బదులు శిలీంధ్రాల కోసమే చేసిన ఐటీఎస్1ఎఫ్‌కు మారండి. క్లాడోస్పోరియం లాంటి బూజు వస్తే ప్రైమర్‌ది తప్పు కాదు, ముక్క తీసిన చేతిది. మొత్తం పొరను గీకి నూరితే లోపల దాక్కున్న బూజులు, లైకెన్ మీదే బతికే పరాన్న శిలీంధ్రాలు అన్నీ వస్తాయి. స్టీరియో మైక్రోస్కోప్ కింద శుభ్రమైన తమ్మె అంచునో, రాతికి అతుక్కున్న రకమైతే రెండు మూడు అపోథీసియాలనో (బీజాలనిచ్చే గిన్నెల్లాంటి భాగాలు) తీసుకోండి. నీళ్లు మాత్రమే వేసిన ట్యూబులోనూ బ్యాండ్ వస్తే రసాయనాలన్నీ మార్చాల్సిందే.

సమస్య: బ్యాండ్ అనుకున్నదానికన్నా పెద్దది

పారేయకండి. చాలా లైకెన్ శిలీంధ్రాల్లో ఐటీఎస్‌కు ముందున్న ఎస్ఎస్‌యూ (రైబోజోమ్ చిన్న ఉపభాగపు జన్యువు) చివర ఇంట్రాన్ (జన్యువు మధ్యలో ఉండే అదనపు ముక్క) ఉంటుంది. ఐటీఎస్1ఎఫ్ దాన్నీ కలిపి తెస్తుంది. సీక్వెన్స్ చేయించి ఆ భాగం కత్తిరించండి.

సమస్య: క్రోమాటోగ్రామ్‌లో జంట శిఖరాలు

క్రోమాటోగ్రామ్ అంటే సీక్వెన్సులో ఒక్కో అక్షరానికి ఒక్కో శిఖరం చూపే గ్రాఫు. అది మొదటి నుంచీ గజిబిజి అయితే రెండు శిలీంధ్రాలు కలిశాయి, అదే లైకెన్ నుంచి కొత్త ముక్క తీయండి. కొంత దూరం శుభ్రంగా నడిచి ఆ తర్వాత చెడితే, ఐటీఎస్ కాపీల పొడవులో తేడా ఉండొచ్చు. రెండు వైపుల నుంచీ చదివించండి. నచ్చిన శిఖరాన్ని ఎంచుకుని అక్షరం రాసేయడం మాత్రం ఒప్పుకోలేం.

సమస్య: 99 శాతం కలిసింది, పేరు మాత్రం పొసగడం లేదు

ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. జెన్‌బ్యాంక్‌లో పేరు, సీక్వెన్స్ పెట్టినవారు రాసిందే. దాని వెనక హెర్బేరియంలో (ఎండు నమూనాల భండారంలో) దాచిన నమూనా ఉందా, ఏ దేశానిది, ఎవరు గుర్తించారు, ఇవన్నీ చూడండి. ఐటీఎస్‌ను 2012లో శిలీంధ్రాలకు ప్రామాణిక బార్‌కోడ్‌గా ప్రతిపాదించినా, మన ఉష్ణమండల రాతి లైకెన్లలో చాలావాటి సీక్వెన్సులు జెన్‌బ్యాంక్‌లో లేవు. దగ్గరిది 88 శాతమే కలిస్తే అది ప్రజాతి (జీనస్) పేరు కూడా కాదు, అటువైపు ఎక్కడో ఉందన్న సూచన మాత్రమే.

పేరు ఒకటే, జాతులు అనేకం అన్నది కూడా జరుగుతుంది. అమెరికా ఖండాల్లో ఒకే జాతిగా చెలామణీ అయిన కోరా లైకెన్, 2014 నాటి డీఎన్ఏ పరిశోధనలో 126 జాతులుగా తేలింది. అలాగని డీఎన్ఏతో గీసిన వంశవృక్షం (దాన్నే చెట్టు అంటాం) కంటికి నచ్చకపోతే తప్పు చెట్టు అనడానికీ లేదు. మామిడి మానుల మీద పెరిగే పిక్సిన్, దాని చుట్టం డిరినేరియా ఒకప్పుడు ఫిసియేసి కుటుంబంలో ఉండేవి. ఇప్పుడు డీఎన్ఏ వాటిని కాలిసియేసిలో చేర్చింది. గుండుసూది లాంటి కాడలతో పొడి బీజాలు రాల్చే కాలిసియం వీటి బంధువంటే చూపుకు నమ్మబుద్ధి కాదు.

కాబట్టి డీఎన్ఏను, రూపాన్ని, రసాయనాలను పక్కపక్కన పెట్టండి. పిక్సిన్ కోకోస్ అని అనుమానమైతే యూవీ దీపం కింద పొర పసుపుగా మెరవాలి.

సమస్య: రెండు జన్యువులు రెండు చెట్లు ఇస్తున్నాయి

ముందు ట్యూబుల లేబుళ్లు తారుమారయ్యాయేమో చూడండి. అది కాకపోతే రెండింటినీ హడావిడిగా అతికించకండి. కుటుంబాల స్థాయిలో ఐటీఎస్ సీక్వెన్సులు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా వరుసకట్టవు, అక్కడ మైటోకాండ్రియా ఎస్ఎస్‌యూ, ఆర్‌పీబీ1 అనే జన్యువులు నయం. దగ్గరి జాతుల మధ్య తేడాకు మాత్రం ఐటీఎస్సే.

పేరు తేలకపోతే ప్రజాతి వరకే రాసి ఆపండి. నమూనాలో మిగిలిన సగాన్ని స్థలం, తేదీ, చెట్టో రాయో రాసి హెర్బేరియంలో ఇవ్వండి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో పెద్ద లైకెన్ సేకరణ ఉంది. పెంచలకోన అభయారణ్యంలో సేకరణకు అటవీశాఖ అనుమతి ముందే తీసుకోండి. భైరవకోన గుహాలయాల రాతి జోలికి మాత్రం ఉలితో వెళ్లకండి.