ఒడిశా సరిహద్దు ఊళ్లకి కొత్తగా వచ్చినవారికి: గట్టిగా, గాలాడేలా ఉండే దిండు ఎంచుకోవడం ఎలా

ఉద్యోగం మీదో చదువు మీదో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్ వైపు వచ్చే తెలుగువాళ్లు ఇల్లు, గ్యాసు, పాలు, పిల్లల బడి అన్నీ జాగ్రత్తగా చూసుకుంటారు. దిండు దగ్గరికి వచ్చేసరికి కనపడ్డ కొట్లో చేతికందింది తెచ్చేసుకుంటారు. సామాను ఇంకా రాలేదు కాబట్టి మొదటి నెల పడక నేల మీద చాపో, హాస్టల్ చెక్క మంచం మీద రెండంగుళాల పరుపో అవుతుంది. దాని మీద మెత్తటి ఫైబర్ దిండు. పక్కకి తిరిగి పడుకుంటే భుజం కిందకి దిగదు, తల మాత్రం దిండులోకి దిగిపోతుంది. రాత్రంతా మెడ ఒకవైపు వంగే ఉంటుంది. పొద్దున్నే మెడ పట్టేసి, చెయ్యి తిమ్మిరెక్కి లేచేవాళ్లలో చాలామంది ఊరు పడలేదనో నీళ్లు పడలేదనో అనుకుంటారు కానీ ముందు అనుమానించాల్సింది దిండునే.

రెండోది చెమ్మ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ జిల్లాల్లో వాన జోరుగా పడుతుంది. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఎండాకాలంలో కూడా సముద్రపు ఉక్క తప్పదు. కోరాపుట్, సునాబెడ సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్లు. అక్కడ ఉక్క తక్కువే కానీ వానాకాలంలో గోడలు చెమరుస్తాయి, చలికాలంలో రాత్రి వేడి 10 డిగ్రీల లోపుకి పడిపోతుంది. దీనికి తోడు దోమతెర ఉంది. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో మలేరియా ఉంది, ఉక్కగా ఉందని తెర తీసేసి పడుకోవద్దు. తెర లోపలికి ఫ్యాను గాలి సగమే వస్తుంది కాబట్టే తల కింద ఉన్నది గాలాడేదై ఉండాలి.

ముందు ఎత్తు తేల్చుకోండి

గట్టి దిండు అడిగితే కొన్ని కొట్లలో ఉబ్బెత్తుగా కూరిన దిండు ఇస్తారు. అది వద్దు. మనకి కావలసింది తల పెట్టాక కూడా తన ఎత్తు నిలుపుకునే దిండు. బాగా ఉబ్బిన దాని మీద తల నిలవదు, రాత్రి ఏదో ఒక పక్కకి జారిపోతుంది, గడ్డం ఛాతీ వైపు వంగుతుంది, కొన్నాళ్లకి కుట్లు కూడా విడతాయి.

మీకు ఎంత ఎత్తు కావాలో కొట్టుకి వెళ్లకముందే ఇంట్లో చూసుకోవచ్చు. గోడకి భుజం ఆనించి పక్కగా నిలబడండి, తల నిటారుగా ఉంచండి, గోడకీ చెవి పైభాగానికీ మధ్య దూరం కొలవమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. పెద్దవాళ్లలో ఇది మామూలుగా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది. నేల మీద చాప, చెక్క మంచం, గట్టి కొబ్బరి పీచు పరుపు అయితే దాదాపు ఆ ఎత్తే కావాలి. మెత్తటి ఫోమ్ పరుపు అయితే భుజం రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లు దిగుతుంది కాబట్టి అంత తగ్గించాలి. నవ్వారు మంచం సాగి గుంట పడి ఉంటే ఇంకా తగ్గించాలి. అన్నిటికంటే ముందు ఆ నవ్వారు బిగించండి, లేకపోతే ఏ దిండూ పని చెయ్యదు.

వెల్లకిలా పడుకునేవాళ్లకి 8 నుంచి 12 సెంటీమీటర్లు చాలు. బోర్లా పడుకునే అలవాటుంటే గట్టి దిండు జోలికి పోకండి, పల్చటిదే మంచిది.

ఇంకా నమ్మకంగా తేల్చుకోవాలంటే నూలు దుప్పటిని దిండు సైజుకి మడిచి తల కింద పెట్టుకోండి. మడతలు పెంచుతూ తగ్గిస్తూ, మీరు పక్కకి పడుకున్నప్పుడు వీపు వైపు నుంచి ఫోన్‌లో ఫోటో తీయించండి. మెడ ఎముక, వెన్నెముక ఒకే గీతలో కనిపించిన దగ్గర ఆపి, తల కింద నలిగిన మడతల మందం కొలవండి. కొనే దిండు తల కింద అంత ఎత్తు ఇవ్వాలి. ప్యాకెట్ మీద రాసే ఎత్తు తల పెట్టక ముందుది, దాన్ని నమ్ముకోకండి.

దిండు ఇంటికి తెచ్చాక పరీక్ష ఇది. మనిషి తల బరువు సుమారు నాలుగున్నర నుంచి ఐదు కిలోలు. ఐదు కిలోల బియ్యం చిన్న గుడ్డ సంచిలో బిగించి కట్టి దిండు నడుమ పెట్టండి. పది నిమిషాలయ్యాక సంచి కింద దిండు ఎంత మందం మిగిలిందో స్కేలుతో చూడండి. దుప్పటి మడతలతో తేలిన లెక్కకి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా ఉంటే సరిపోతుంది. నడుమ పల్చబడి రెండు పక్కలా పొంగిందంటే లోపల సరుకు చాలలేదని అర్థం.

రెండు మెత్తటి దిండ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోవడం చాలామంది చేసే పని. పైది జారుతుంది, మెడ కింద ఖాళీ పడుతుంది, నొప్పి అలాగే ఉంటుంది.

లోపల ఏముండాలి

బజార్లో ఎక్కువగా దొరికేది పాలిస్టర్ ఫైబర్ దిండు. కొట్టువాళ్లు రెక్రాన్ అనే పిలుస్తారు, ఏ కంపెనీదైనా సరే. 17 అంగుళాలకి 27 అంగుళాల దిండులో 700 గ్రాముల ఫైబర్ ఉంటే అది మెత్తనిది, మెడ ఆనదు. గట్టిగా ఉండాలంటే సుమారు కిలో ఉండాలి. తూకం వేసి చూపించమని అడగండి, అందులో తప్పేమీ లేదు. ఉతకడానికీ ఆరబెట్టడానికీ ఇది తేలిక. ఫైబర్ చెమట పీల్చదు, తల నూనె వాసన మాత్రం పట్టుకుని వదలదు. రోజూ వాడితే ఏడాది, ఏడాదిన్నరలో ఉండలు కడుతుంది. హాస్టల్ పిల్లలకి మొదటి ఏడాదికి ఇది చాలు.

మెమరీ ఫోమ్‌కి ఇక్కడ ఒక చిక్కుంది. అది వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. దాని గుణమే అంత. మే నెలలో బరంపురంలో తల పెట్టగానే దిగిపోతుంది, జనవరిలో సునాబెడలో పడుకున్న కాసేపటి దాకా చెక్కలా ఉంటుంది. పైగా ఒంటి వేడిని అట్టే పట్టి ఉంచుతుంది. పైన జెల్ పొర ఉన్నవి మొదట చల్లగా తగిలినా కాసేపటికి ఒంటి వేడికి వచ్చేస్తాయి. ఈ జిల్లాల్లో మెమరీ ఫోమ్ వద్దనే మా సలహా.

ఉక్క ఊళ్లకి బాగా పనికొచ్చేది చిల్లులున్న నేచురల్ లేటెక్స్ దిండు. రబ్బరు పాలతో చేస్తారు, పై నుంచి కిందకి సూది రంధ్రాలుంటాయి కాబట్టి తల తిప్పినప్పుడల్లా లోపలి వేడి గాలి బయటికి పోతుంది. నొక్కి వదిలితే వెంటనే పైకి లేస్తుంది. వేడికీ చలికీ గట్టిదనం పెద్దగా మారదు. ధర ఎక్కువ, కొత్తలో రబ్బరు వాసన వస్తుంది, నీడలో గాలికి వారం ఉంచితే తగ్గుతుంది. ఎండలో మాత్రం పెట్టకండి. ఎండకి లేటెక్స్ పచ్చబడి పొడి రాలుతుంది. దిండ్లన్నీ ఎండలో వెయ్యడం మనకి అలవాటు కాబట్టి ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. రబ్బరు పడనివాళ్లు దీన్ని వదిలెయ్యాలి.

ఇక మన పాత బూరుగు దూది, పత్తి దూది. ఈ కొండల్లో బూరుగు చెట్లున్నాయి, కాయలు ఎండాకాలంలో పగులుతాయి కాబట్టి కొత్త దూది అప్పుడే వస్తుంది. బూరుగు పోగు లోపల బోలు, పైన సన్నటి మైనపు పూత ఉంటుంది. అందువల్ల తేలికగా ఉంటుంది, చెమ్మ పీల్చదు, గాలాడుతుంది. 16 అంగుళాలకి 24 అంగుళాల గలీబులో గట్టి దిండు కావాలంటే కిలో నుంచి కిలోంపావు పడుతుంది. నాలుగైదు ఏళ్లయ్యాక పోగు విరిగి పొడి అవుతుంది. ఆ పొడి ఉబ్బసం ఉన్నవాళ్లకి పడదు, అలాంటి ఇంట్లో బూరుగు వద్దు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది కాబట్టి దోమల చక్రం, అగరుబత్తీ మంచానికి దూరంగా ఉంచాలి.

పత్తి దిండు అన్నిటికంటే గట్టిది. అదే సైజుకి కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా పడుతుంది. చెమట బాగా పీలుస్తుంది, అదే దాని చిక్కు కూడా. పీల్చిన చెమ్మ వానాకాలంలో ఆరదు, దూది గడ్డకట్టి ముక్కవాసన వేస్తుంది. రెండు మూడేళ్లకోసారి ఏకించాలి. రాయగడ జిల్లాలో పత్తి బాగా పండుతుంది కాబట్టి చవగ్గా వస్తుందని కొందరు రైతు దగ్గర గింజపత్తి కొంటారు. గింజపత్తిలో మూడింట రెండు వంతుల బరువు గింజదే, మూడు కిలోలు కొంటే దూది కిలో మాత్రమే. గింజ సరిగ్గా తియ్యకపోతే దాని నూనె మరకలు గలీబుకి ఎక్కుతాయి, ఎలుకలు వస్తాయి. గింజ తీసి ఏకిన దూదే తీసుకోండి. పిడికెడు విప్పి వెలుతురులో చూడండి. పోగు పొడుగ్గా సాగాలి, రంగుదారపు ముక్కలు, నల్లటి పొట్టు కనపడితే అది మిల్లు వ్యర్థం కలిపిన సరుకు.

కొలతలు చెప్పి కుట్టించుకునేటప్పుడు బిగువు నేతున్న పరుపు గుడ్డే వాడమనండి, వదులు నేతలోంచి బూరుగు పోగు బయటికి వచ్చేస్తుంది. ఒక పక్క జిప్పు పెట్టించండి. నింపేటప్పుడు ముందు నాలుగు మూలలు, తర్వాత అంచులు, చివర నడుమ. నెల తిరిగేసరికి దూది పదో వంతు దాకా అణుగుతుంది, కాబట్టి వంద, నూటయాభై గ్రాములు విడిగా అడిగి తెచ్చుకుని తర్వాత జిప్పు తీసి వేసుకోండి.

గలీబు, ఆరబెట్టడం

లోపల ఎంత మంచి సరుకున్నా పైన పాలిస్టర్ గలీబు వేస్తే గాలి ఆగిపోతుంది. నూలు అని అమ్మేవాటిలో చాలావి కలనేత. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన, వేలితో నలిపితే బూడిద. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. గుడ్డని పెదాలకి ఆనించి ఊదితే గాలి అవతల చేతికి తగలాలి. దిండు వచ్చిన ప్లాస్టిక్ సంచి పాడవకుండా ఉంటుందని తియ్యకుండానే పైన గలీబు వేసేవాళ్లున్నారు. అది వెంటనే తీసెయ్యండి, చెమట బయటికి పోక బూజు పట్టేది అక్కడే.

కొబ్బరినూనె రాసుకునే ఇంట్లో లోపల ఒక జిప్పు గలీబు, పైన ఒకటి వెయ్యాలి. పైది వారానికోసారి, లోపలిది నెలకోసారి ఉతకాలి. వానాకాలంలో బట్ట ఆరడానికి రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి దిండుకి మూడు పై గలీబులు ఉండాలి. ఆరీ ఆరని గలీబు వేశారంటే ఆ చెమ్మంతా దిండులోకి దిగుతుంది. ఇస్త్రీ చేసి, వేడి పోయాకే వెయ్యండి.

దుమ్ము పురుగులు చెమ్మలో పెరుగుతాయి. పొద్దున్నే లేవగానే పక్క సర్దేసి దిండు మీద దుప్పటి కప్పకండి, గంటసేపు ఫ్యాను కింద నిలువుగా పెట్టండి. గోడకి ఆనించి ఉంచొద్దు, కోరాపుట్ వైపు ఇళ్లలో మరీ ముఖ్యం. ఎండ కాసిన రోజున దూది, బూరుగు, ఫైబర్ దిండ్లని రెండు మూడు గంటలు ఎండలో తిరగేస్తూ ఉంచి, చల్లారాకే లోపలికి తేవాలి. దూది, బూరుగు దిండ్లు నీళ్లలో ముంచకూడదు, లోపల ఆరవు. దిండుని ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండలో పెట్టాక కూడా ముక్కవాసన వస్తోందంటే బూజు లోపలికి వెళ్లిపోయినట్టే. ఫైబర్ అయితే పారేయండి, పత్తి అయితే ఏకించేవాళ్లకి చూపించండి.

ఏడాది లోపు పిల్లలకి ఏ దిండూ పెట్టకూడదు, ఆవాల దిండైనా సరే. వీపు వంగిన పెద్దవాళ్లకి ఇంకొంచెం ఎత్తు కావాలి. నొప్పి మెడ నుంచి చేతి వేళ్ల దాకా లాగుతున్నా, పట్టు తప్పుతున్నా దిండు మార్చి చూద్దామని ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కొనేటప్పుడు

బరంపురం, పర్లాకిమిడి, జయపురం బజార్లలో తెలుగుకి ఇబ్బంది ఉండదు. లోపలి ఊళ్లలో ఒడియాలో దిండుని తకియా, గలీబుని ఖోళ, బూరుగు దూదిని సిములి తుళా అంటే చాలు. గట్టిగా ఉండాలంటే టాణ, మెత్తగా అంటే నరమ.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే గాలి తీసి చుట్టిన ప్యాకెట్ వస్తుంది. విప్పిన వెంటనే పల్చగా ఉందని బెంబేలు పడకండి, పూర్తిగా పొంగడానికి ఒక రోజు నుంచి రెండు రోజులు, చలిలో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. బియ్యం సంచి పరీక్ష అప్పుడే చెయ్యాలి. సీలు తీసిన దిండుని చాలామంది అమ్మకందారులు వెనక్కి తీసుకోరు, ఆ షరతు ఆర్డరు పెట్టకముందే చదవండి. మెత్తటి దిండుకి అలవాటు పడ్డ మెడకి గట్టిది మొదటి వారం కొత్తగానే ఉంటుంది. రెండు వారాల తర్వాత కూడా పొద్దున్నే మెడ బిగుసుకుంటుంటే జిప్పు తీసి యాభై గ్రాముల చొప్పున సరుకు తగ్గించి చూడండి. లేటెక్స్‌లో అలా తగ్గించడం కుదరదు కాబట్టి దాన్ని కొనేటప్పుడే, ఎత్తు విషయంలో రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే, తక్కువ దాన్నే తీసుకోండి. తక్కువైన సెంటీమీటరుని గలీబు లోపల మడిచిన తువ్వాలు పెట్టి పెంచుకోవచ్చు.