ముందే కథ అనుకోకుండా నవల: 4వ పాఠం – కలం మొరాయించిన చోట

రోజుకు 500 పదాల చొప్పున 60,000 పదాల చిత్తుప్రతికి 120 రోజులు పడుతుందని లెక్క వేసుకున్నాం. మానకుండా రాస్తూ వచ్చినవాళ్లు ఈపాటికి 15,000 – 20,000 పదాల మధ్య ఉంటారు. సరిగ్గా ఇక్కడే కథ ఆగిపోతుంది. పాత్రలన్నీ వచ్చేశాయి, మొదటి ఊపు తగ్గింది, తర్వాత ఏం జరగాలో తోచదు. దయచేసి ఇక్కడ వదిలేయకండి. లోపం మీరు ఆగిన వాక్యంలో కాదు, చాలాసార్లు రెండు మూడు సన్నివేశాల వెనక ఉంటుంది.

దాన్ని పట్టుకోవడానికి చివరి ఐదు సన్నివేశాలను ఒక్కో వాక్యంలో రాయండి: ఎవరు ఏం కోరుకున్నారు, ఏం చేశారు, దాంతో ఏం మారింది. ఇప్పుడు వాక్యానికీ వాక్యానికీ నడుమ ‘అందుకని’ గానీ ‘కానీ’ గానీ పెట్టి చదవండి. రెండూ అతక్క ‘ఆ తర్వాత’ ఒక్కటే అతికితే, కథ పట్టు తప్పింది అక్కడే.

ఉదాహరణకు, చెల్లెలు అన్న గదిలో తాళం వేసిన పెట్టె చూసింది. ఆ తర్వాత అన్న వచ్చాడు, ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఆమె నిద్రపోయింది. ఇలా రాస్తే మర్నాడు రాయడానికి ఏమీ మిగలదు. పెట్టెను చూసి ఊరుకోవడమే తప్పు. ఆమె దాన్ని తీసుకెళ్లి దాచిందనుకోండి. అందుకని అన్న వెతకాలి. కానీ ఏం పోయిందో పైకి చెప్పలేడు. మూడు సన్నివేశాలు వాటంతటవే వచ్చాయి.

ఇంత తెలిశాక వెనక్కి వెళ్లి తిరగరాయాలనిపిస్తుంది. వద్దు. ఆ చోట బ్రాకెట్‌లో ‘పెట్టె తీసుకెళ్లింది’ అని రాసి, ఆ మార్పు జరిగిపోయినట్టే ముందుకు సాగండి. ముగింపు తెలిశాక మొదలు ఎలాగూ మారుతుంది. ఇప్పుడు చెక్కిన పేజీలు అప్పుడు కొట్టివేతకే పోతాయి.

దీనికి తోడు ఒక నోటుపుస్తకం ఉండాలి. పేర్లు, వయసులు, రోజులు అందులో ఎక్కించండి. అన్నిటికన్నా ముఖ్యం ‘ఎవరికి ఏం తెలుసు’ అనే వరుస. పెట్టె సంగతి తల్లికి ఏ సన్నివేశంలో తెలిసిందో రాసుకోకపోతే, 30 పేజీల తర్వాత ఆమె అదే విషయం విని మళ్లీ ఆశ్చర్యపోతుంది. ముందస్తు పథకం లేని రాతలో ఎక్కువగా దొర్లే పొరపాటు ఇదే.

కథ కదలడంలేదని కొత్త పాత్రను దించడం, ఎవరినో చంపేయడం రెండు రోజులకే పనికొస్తాయి. ఉన్నవాళ్ల కోరికలు తేలకపోతే మళ్లీ అదే గోడ. యాదృచ్ఛికంగా కష్టం వచ్చిపడితే పాఠకుడు ఒప్పుకుంటాడు, యాదృచ్ఛికంగా అది తీరిపోతే ఒప్పుకోడు.

ఈ వారం అభ్యాసం: ఐదు వాక్యాలు రాసి, ‘ఆ తర్వాత’ పడిన మొదటి చోట ఒక పాత్ర చేత వెనక్కి తీసుకోలేని పని ఒకటి చేయించండి. అక్కడి నుంచి 1,500 పదాలు రాయండి. ఏ రోజుకారోజు సగం వాక్యంలో ఆపండి, మర్నాడు అందుకోవడం తేలికవుతుంది.